బీపీ గోలీ, మురుకుల గొట్టం, ఎక్స్‌రే మెరుపు

గత నెల తొమ్మిదో తరగతి క్లాసు అయ్యాక ఒక బాబు ఆగి అడిగాడు: “సార్, మా నానమ్మ రోజూ పొద్దున బీపీ గోలీ వేసుకుంటది. అది పోయేది కడుపులోకి కదా. మరి బీపీ ఎక్కడ తగ్గుతది?”

వాళ్ల నాన్నగారు బొల్లారం వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్‌లో పనిచేస్తారు. అంటే ఒకే ఇంట్లో ఒకరు మందు తయారు చేస్తారు, ఒకరు మింగుతారు, మూడో తరం అది ఏం చేస్తుందని అడుగుతోంది. పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, సంగారెడ్డి వైపు నుంచి మన స్కూల్‌కి వచ్చే పిల్లల ఇళ్లలో ఇది వింతేమీ కాదు.

ఆ రోజు బాబుకి రెండు నిమిషాల్లో ఏదో చెప్పి పంపాను. కానీ ఆ ప్రశ్న అంత చిన్నది కాదు. ఆ గోలీ వెళ్లి కూర్చునే చోటును కళ్లారా చూడటానికి శాస్త్రవేత్తలకు చాలా ఏళ్లు పట్టింది. చివరికి చూడగలిగింది కూడా కిలోమీటర్ల పొడవున్న ఎక్స్‌రే యంత్రం ఒక్కదాని వల్ల కాదు. ఆ యంత్రం ముందుకి కొద్దిపాటి పదార్థాన్ని మెల్లగా, తిన్నగా పంపడం తెలిసినందువల్ల. పంపులు, ప్రెషర్లు, నాజిళ్లతో రోజూ తిప్పలు పడే ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు ఈ కథ కొంచెం ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.

గోలీ పోయి కూర్చునే తాళం

మన రక్తంలో యాంజియోటెన్సిన్ అనే చిన్న హార్మోన్ తిరుగుతూ ఉంటుంది. రక్తనాళాల గోడల్లో ఉండే కండర కణాల మీద దానికోసం ఒక ప్రోటీన్ కాచుకుని ఉంటుంది. ఇలాంటి ప్రోటీన్లను రిసెప్టర్లు అంటారు. దీని పేరు ఏటీ1 రిసెప్టర్. హార్మోన్ వచ్చి అందులో కూర్చోగానే కణం బిగుసుకుంటుంది, నాళం సన్నబడుతుంది, బీపీ పెరుగుతుంది. లోసార్టాన్, టెల్మిసార్టాన్, ఓల్మిసార్టాన్ లాంటి గోలీలు చేసే పని ఒకటే. హార్మోన్ కూర్చోవాల్సిన చోట ముందే వెళ్లి కూర్చుంటాయి. తాళంలో తిరగని తాళంచెవి ఇరుక్కుంటే అసలు తాళంచెవి లోపలికి పోదు కదా, అలాగన్నమాట. నాళం బిగుసుకోదు, బీపీ అదుపులో ఉంటుంది. కాబట్టి బాబు ప్రశ్నకు మొదటి జవాబు: కడుపు దారి మాత్రమే, బీపీ తగ్గేది రక్తనాళం గోడ మీద.

సార్టాన్ అనే మాట మీలో చాలామందికి కొత్త కాదు. 2018లో వాల్సార్టాన్‌లో నైట్రోసమైన్ మలినం బయటపడి ప్రపంచమంతటా బ్యాచులు వెనక్కి పిలిపించారు. క్యూసీలో, క్యూఏలో పనిచేసేవాళ్లు ఆ రోజుల్ని అంత తేలిగ్గా మరిచిపోరు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. సార్టాన్లలో మొదటిదైన లోసార్టాన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1995లో. ఏటీ1 రిసెప్టర్ ఎలా ఉంటుందో, అణువు అణువుగా దాని ఆకారం లోకానికి తెలిసింది 2015లో. మధ్యలో 20 ఏళ్లపాటు కోట్లమంది ఆ గోలీలు మింగారు, వాటివల్ల మేలు పొందారు. తాళాన్ని చూడకుండానే తాళంచెవులు చేశారన్నమాట! అణువుకి ఇక్కడ ఒక ముక్క తగిలించి, అక్కడ ఒకటి తీసేసి, ప్రతిసారీ పరీక్షించి చూస్తూ చేశారు. అది తక్కువ పనేమీ కాదు. కానీ తాళం లోపలి గాడులు కనిపిస్తే ఏ ముక్క ఎందుకు పనిచేస్తోందో తెలుస్తుంది. అందుకే చూడాలన్న పట్టుదల.

ఇది బీపీ ఒక్కదాని సంగతి కాదు. ఏటీ1 లాంటి రిసెప్టర్ల కుటుంబంలో మన శరీరంలో 800కు పైగా ఉన్నాయి. జలుబుకి వేసే సెట్రిజిన్, ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, ఇవన్నీ పనిచేసేది ఈ కుటుంబం మీదే. వాడకంలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు వీటి మీదే పనిచేస్తాయి. ఈ కుటుంబం గుట్టు విప్పినందుకే రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు 2012లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

చూడటం ఎందుకంత కష్టం

మామూలు వెలుతురు తరంగం పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. ప్రోటీన్‌లో రెండు పరమాణువుల మధ్య దూరం సుమారు 0.15 నానోమీటరు. చేతికి బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కుని ముత్యాల దండలో పూసలు లెక్కపెట్టమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందుకే ఎక్స్‌రేలు వాడతారు. వాటి తరంగం పొడవు సరిగ్గా ఆ కొలతలోనే ఉంటుంది. అయితే ఒక్క ప్రోటీన్ అణువు మీద పడిన ఎక్స్‌రే నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. లక్షల అణువులు సైనిక కవాతులా ఒకే దిక్కుకి వరుసగా నిలబడితేనే సంకేతం తెలుస్తుంది. అలా నిలబడటాన్నే స్ఫటికం అంటాం. చక్కెర, పటికలా ప్రోటీన్‌ని కూడా స్ఫటికంగా మార్చాలి.

బల్క్ డ్రగ్ ప్లాంటులో పనిచేసేవాళ్లకి స్ఫటికీకరణ ఎంత మొండి పనో వేరే చెప్పక్కర్లేదు. చల్లబరిచే వేగం కాస్త తేడా వస్తే చాలు, బ్యాచ్ తీరే మారిపోతుంది. ప్రోటీన్లతో అది పదింతలు మొండి. అందులోనూ మన రిసెప్టర్లు అన్నిటికంటే మొండివి. ఎందుకంటే అవి నీళ్లలో ఉండేవి కావు. కణం చుట్టూ నూనె లాంటి సన్నటి కొవ్వు పొర ఉంటుంది, రిసెప్టర్ ఆ పొరలో దిగబడి ఉంటుంది. బయటికి లాగి నీళ్లలో వేస్తే నిలవదు, ఆకారం చెడిపోయి ఉండలు కడుతుంది.

దీనికి ఒక అందమైన ఉపాయం 1996లో వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఎహుద్ లాండౌ, యుర్గ్ రోజెన్‌బుష్ అనే ఇద్దరు, ప్రోటీన్‌ని ఇంటి నుంచి బయటికి లాగే బదులు కొత్త ఇల్లు కట్టిద్దాం అనుకున్నారు. మోనోఓలీన్ అనే కొవ్వు పదార్థాన్ని నీళ్లతో తగిన పాళ్లలో కలిపారు. సుమారు మూడు వంతుల కొవ్వుకి రెండు వంతుల నీళ్లు. అప్పుడు అది పారదర్శకంగా, గట్టి వాజలీన్‌లా తయారవుతుంది. లోపల మాత్రం గొప్ప క్రమం ఉంటుంది. కొవ్వు పొర నాలుగు దిక్కులా, పైకీ కిందికీ మడతలు పడుతూ సాగిపోతుంది. దానికి రెండు పక్కలా నీటి దారులు ఉంటాయి. ఆ రెండు దారులు ఎక్కడా కలవవు. ప్రోటీన్‌కి ఇది సొంత ఇల్లులాగే ఉంటుంది. కొవ్వు పొరలో ఈదుకుంటూ వెళ్లి, తన లాంటి వాటి పక్కన చేరి, మెల్లగా స్ఫటికం కడుతుంది.

ద్రవంలా జారదు, ఘనంలా గడ్డకట్టదు, అయినా లోపల ఒక వరుస ఉంటుంది. ఇలాంటి స్థితినే ద్రవ స్ఫటికం, అంటే లిక్విడ్ క్రిస్టల్ అంటారు. మీ ఇంట్లో ఎల్‌సీడీ టీవీ ఉంటే అందులో ఎల్‌సీ అన్న రెండక్షరాలు దీనివే. టీవీలోది వేరే రకం, కానీ చుట్టరికం ఉంది. మోనోఓలీన్ కూడా పరాయి వస్తువు కాదు. పల్లీ నూనెలో దండిగా ఉండే ఓలియిక్ ఆమ్లం గ్లిసరాల్‌తో కలిస్తే వచ్చేది అదే. ఐస్‌క్రీమ్ డబ్బా మీద పదార్థాల వరుసలో 471 అనే నంబరు కనిపిస్తే అది ఈ కుటుంబానిదే.

మెరుపు వచ్చింది, పదార్థం వృథా అయింది

ఈ పద్ధతిలో స్ఫటికాలు వచ్చాయి గానీ చాలా రిసెప్టర్లకి అవి ఐదారు మైక్రాన్లు దాటి పెరగలేదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపు అనుకోండి. అంత చిన్న స్ఫటికం మీద మామూలు ఎక్స్‌రే పుంజం పెడితే, చాలినంత బొమ్మ రాకముందే ఆ పుంజం తాకిడికి స్ఫటికం మాడిపోతుంది.

2000లో స్వీడన్‌లోని ఉప్సల నుంచి రిచర్డ్ న్యూట్జ్, యానోష్ హైడూ బృందం ఒక వింత ఆలోచన లెక్కలతో సహా చెప్పింది. మాడిపోతే మాడిపోనివ్వండి, మాడేలోపే ఫొటో తీసేద్దాం. అందుకు కావాల్సిన ఎక్స్‌రే మెరుపు కొన్ని పదుల ఫెమ్టో సెకన్లు మాత్రమే ఉండాలి. ఫెమ్టో సెకను అంటే ఎంత? సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి, 50 ఫెమ్టో సెకన్లలో పోయేది 15 మైక్రాన్లు. వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా దాటదు. 2009లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫర్డ్ పక్కనున్న స్లాక్ ప్రయోగశాలలో ఎల్‌సీఎల్‌ఎస్ అనే యంత్రం అలాంటి మెరుపులు ఇవ్వడం మొదలుపెట్టింది. సెకనుకి 120 మెరుపులు.

మెరుపు తగిలిన స్ఫటికం ఆవిరైపోతుంది. కాబట్టి ప్రతి మెరుపుకీ కొత్త స్ఫటికం ఎదురుగా ఉండాలి. సెకనుకి 120 సార్లు, గంటలకొద్దీ. ఒక్కో స్ఫటికం ఒక్కో కోణంలో ఉంటుంది. వేల బొమ్మలు వచ్చాక కంప్యూటర్ అన్నిటినీ కలిపి ఒక ఆకారం తేలుస్తుంది. 2011లో హెన్రీ చాప్‌మన్ బృందం మొక్కల్లో ఎండను పట్టే ప్రోటీన్‌తో ఇది సాధ్యమేనని చూపించింది. స్ఫటికాలు కలిపిన నీటిని సన్నటి జెట్‌లా చిమ్మారు.

ఇక్కడే లెక్క చేదెక్కింది. మీరూ పిల్లలూ కలిసి చేయండి. నీటి జెట్ సెకనుకి సుమారు 10 మీటర్ల వేగంతో పోతుంది. అంతకంటే తగ్గిస్తే జెట్ తెగి చుక్కలవుతుంది. 120 మెరుపుల లెక్కన రెండు మెరుపుల మధ్య 8.3 మిల్లీ సెకన్లు. ఆ కాసేపట్లో జెట్ 8.3 సెంటీమీటర్లు దాటిపోతుంది. మెరుపు తగిలే చోటు కొన్ని మైక్రాన్లే. నాలుగు మైక్రాన్లు అనుకున్నా, 20 వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే పనికొచ్చినట్టు. మిగతాదంతా ఎక్స్‌రే ముఖం చూడకుండానే గొట్టంలోకి పోయింది.

నీళ్లలో పెరిగే మామూలు ప్రోటీన్ అయితే మళ్లీ చేసుకోవచ్చు. మన రిసెప్టర్ అలా కాదు. నెలలు కష్టపడి లీటర్లకొద్దీ కణాలు పెంచితే కొన్ని మిల్లీగ్రాములు చేతికొస్తుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప యంత్రం సిద్ధంగా ఉంది, దాని ముందు పెట్టడానికి సరుకు చాలదు. పైగా ఆ సరుకు వాజలీన్‌లా ఉంది, జెట్‌లో ససేమిరా పోదు.

మురుకుల గొట్టం

ఇంట్లో ఒకసారి ఇలా చేసి చూడండి. సూది లేని ఐదు మిల్లీలీటర్ల సిరంజిలో నీళ్లు నింపి నొక్కండి. సర్రున చిమ్ముతుంది, మెల్లగా నొక్కితే చుక్కలుగా పడుతుంది. అదే సిరంజిలో టూత్‌పేస్ట్ నింపి నొక్కండి. ఎంత మెల్లగా నొక్కినా తెగకుండా తీగలా వస్తుంది. ఏ నీటి జెట్‌కీ చేతకాని పని అది. మన మురుకుల గొట్టంలో, కోస్తావాళ్ల జంతికల గొట్టంలో జరిగేది ఇదే. పిండి పలచనైతే తీగ రాదు.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఉవే వయర్‌స్టాల్ పట్టుకున్నది ఈ సంగతినే. చిక్కగా ఉండటం తలనొప్పి కాదు, అదే వరం. చిక్కటి పదార్థాన్ని ఎంత మెల్లగా కావాలంటే అంత మెల్లగా తోయవచ్చు. ఆయన చేసిన ఇంజెక్టర్ వివరాలు 2014లో అచ్చయ్యాయి. కొన్ని పదుల మైక్రోలీటర్లు పట్టే చిన్న గది, దాని చివర 20 నుంచి 50 మైక్రాన్ల సన్నటి గాజు గొట్టం. అంత సన్నటి దారిలోంచి వాజలీన్ లాంటిది బయటికి రావాలంటే చాలా ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి ఎక్కడిది?

పటాన్‌చెరు క్యూసీ ల్యాబుల్లో పనిచేసే తల్లిదండ్రులు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. దాన్ని తోసేది ఒక హెచ్‌పీఎల్‌సీ పంపు. మీరు రోజూ చూసేదే. పంపు నీటిని ఒక పెద్ద పిస్టన్ మీదికి నెడుతుంది, ఆ పిస్టన్ ఒక సన్నటి పిస్టన్‌ని తోస్తుంది. వైశాల్యాల తేడా వల్ల ఒత్తిడి 34 రెట్లు పెరుగుతుంది. పంపు దగ్గర 300 పీఎస్‌ఐ ఉంటే ప్రోటీన్ దగ్గర 10 వేల పీఎస్‌ఐ దాటుతుంది. కారు టైరులో గాలి 32 పీఎస్‌ఐ ఉంటుంది కదా, దానికి 300 రెట్లు. మెకానిక్ షెడ్డులో కారును లేపే హైడ్రాలిక్ జాక్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. హైస్కూల్ ఫిజిక్స్‌లో పాస్కల్ నియమం పేరుతో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చేదీ ఇదే.

ఇప్పుడు లెక్క మళ్లీ చేద్దాం. 50 మైక్రాన్ల గొట్టంలోంచి నిమిషానికి 170 నానోలీటర్లు వస్తే, తీగ వేగం సెకనుకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. రెండు మెరుపుల మధ్య అది జరిగేది 12 మైక్రాన్లు. మాడిన ముక్క పక్కకి జరిగి కొత్త ముక్క ఎదురుగా రావడానికి అంత చాలు. 8.3 సెంటీమీటర్లు ఎక్కడ, 12 మైక్రాన్లు ఎక్కడ!

చెప్పినంత సాఫీగా మాత్రం జరగలేదు. గొట్టం మూతి దగ్గర తీగ వంకర తిరిగి వెనక్కి చుట్టుకునేది. మీ టూత్‌పేస్ట్ కూడా సిరంజి మూతి చుట్టూ అలాగే చుట్టుకుని ఉంటుంది, గమనించారా? అందుకే గొట్టం చుట్టూ వాయువును పారించారు. అది తీగతోపాటే కిందికి పోతూ దాన్ని తిన్నగా లాగి ఉంచుతుంది.

ఇంకో చిక్కు చలిది. ఎక్స్‌రే పెట్టె లోపల గాలి ఉండదు. శూన్యంలో తీగలోని నీరు గబగబా ఆవిరై తీగను చల్లబరుస్తుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడినట్టే. మోనోఓలీన్ చల్లబడితే చలికాలంలో కొబ్బరి నూనెలా గడ్డకడుతుంది, లోపలి క్రమం మారిపోతుంది. అప్పుడు ప్రోటీన్ బొమ్మ బదులు ఆ గడ్డకట్టిన కొవ్వు మీంచే కళ్లు చెదిరే ఎక్స్‌రే వలయాలు వస్తాయి. కోట్ల విలువ చేసే డిటెక్టర్‌కి అది ప్రమాదం. దీనికి విరుగుడుగా కాస్త పొట్టి గొలుసున్న వేరే కొవ్వును ఆఖర్లో కలిపారు. అది చలికి అంత తొందరగా గడ్డకట్టదు. వంటింట్లో ఏ నూనె పేరుకుంటుందో ఏది పేరుకోదో తెలిసినవాళ్లకి ఇది ఆశ్చర్యం కలిగించదు.

తాళం కనిపించింది

2013లో ఈ తీగతో మొదటి పెద్ద ఫలితం వచ్చింది. సెరటోనిన్ అనే రసాయనానికి కాచుకుని ఉండే ఒక రిసెప్టర్ మీద, వాదిమ్ చెరెజోవ్ బృందం చేసిన పని అది. సుమారు 10 గంటల్లో 42,17,508 చిత్రాలు తీశారు. వాటిలో స్ఫటికం తగిలినవి 1,52,651. అంటే నూటికి నాలుగు కూడా కాదు. వాటిలో లెక్కకి పనికొచ్చినవి 32,819. ఖర్చయిన పదార్థం 100 మైక్రోలీటర్లు, అంటే రెండు మూడు చుక్కలు. అందులో ప్రోటీన్ 0.3 మిల్లీగ్రాము. ఒక బియ్యపు గింజ 20 మిల్లీగ్రాముల దాకా తూగుతుంది, పోల్చి చూడండి. అదే పని నీటి జెట్‌తో 10 గంటలు నడిపితే, నిమిషానికి 10 మైక్రోలీటర్ల చొప్పున ఆరు మిల్లీలీటర్లు పోయేది. అంటే 60 రెట్లు.

రెండేళ్లకి, 2015లో, అదే బృందం ఏటీ1 రిసెప్టర్ ఆకారాన్ని ఇదే దారిలో బయటపెట్టింది. నానమ్మ గోలీ కూర్చునే తాళం అదే. 0.29 నానోమీటరు వివరంతో కనిపించింది. అందులో కూర్చోబెట్టినది జెడ్‌డీ7155 అనే అణువు. అది మందుల షాపులో దొరికేది కాదు గానీ సార్టాన్లకి దగ్గరి బంధువు. వాటిలో చాలావాటికున్న టెట్రజోల్ వలయం దీనికీ ఉంది. ఆ వలయాన్ని రిసెప్టర్‌లో 167వ స్థానంలో ఉన్న ఆర్జినిన్ గట్టిగా పట్టుకుని ఉంది. 35వ స్థానంలోని టైరోసిన్, 84వ స్థానంలోని ట్రిప్టోఫాన్ చెరో పక్క నుంచి పట్టుకున్నాయి. ఈ ప్రాంతపు రియాక్టర్ల దగ్గర టెట్రజోల్ వలయం కట్టే స్టెప్ గురించి తల పట్టుకున్నవాళ్లు ఉంటారు. ఆ వలయం శరీరంలో ఎవరి చేతిని పట్టుకోవడానికి ఉందో ఆ బొమ్మలో కనిపిస్తుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ బొమ్మ వచ్చినందువల్ల ఇప్పుడు వాడుతున్న గోలీ మారలేదు, మోతాదూ మారలేదు. ఇంట్లో పెద్దవాళ్ల బీపీ మందు మార్చాలన్నా ఆపాలన్నా డాక్టర్‌గారి మాటే మాట. ఈ బొమ్మ ఉపయోగం రాబోయే అణువులకి. ఏ గాడిలో ఇంకా చోటుంది, ఏ ముక్క అనవసరం అన్న ప్రశ్నలకి ఇప్పుడు గుడ్డిగా వెతకనక్కర్లేదు.

ఆ తర్వాత

ఈ పద్ధతి బొమ్మ దగ్గరే ఆగలేదు, సినిమా దాకా పోయింది. 2016లో జపాన్‌లోని సాక్లా యంత్రం దగ్గర, వెలుతురు తగిలితే పనిచేసే ఒక ప్రోటీన్‌ని ఇలాంటి తీగలోనే పంపారు. ముందు లేజర్ వెలుతురుతో దాన్ని నిద్రలేపి, 16 నానో సెకన్ల నుంచి 1.7 మిల్లీ సెకన్ల దాకా 13 దశల్లో అది ఎలా కదులుతోందో పట్టుకున్నారు. అదే జపాన్‌వాళ్లు నీళ్లలో ఉండే మామూలు ప్రోటీన్ల స్ఫటికాలను గ్రీజులో కలిపి పంపవచ్చని 2015లో చూపించారు. అవును, నిజంగా గ్రీజే!

అలాగని ఈ తీగ అన్నిటికీ మందు కాదు. జర్మనీలో హాంబర్గ్ దగ్గర 2017లో మొదలైన యూరోపియన్ ఎక్స్‌ఫెల్ 3.4 కిలోమీటర్ల పొడవుంటుంది, సెకనుకి 27 వేల మెరుపులు ఇవ్వగలదు. అయితే అవి సమానంగా రావు, గుంపులు గుంపులుగా వస్తాయి. గుంపు లోపల ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య ఎడం సెకనులో పది లక్షల వంతు కంటే తక్కువ. అక్కడ మన మెల్లటి తీగ పనికిరాదు. మాడిన ముక్క పక్కకి జరిగేలోపే మరో మెరుపు వచ్చి పడుతుంది. కాబట్టి అక్కడ మళ్లీ నీటి జెట్టే కావాలి, అదీ పాత దానికంటే ఎంతో వేగంగా. యంత్రం మారితే గొట్టం కథ మళ్లీ మొదటికొస్తుంది. మరోపక్క క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక చాలా రిసెప్టర్లను స్ఫటికమే లేకుండా చూసేస్తున్నారు. ఆ పోటీలో ఎక్స్‌రే మెరుపులకి మిగిలిన బలం కదలికను పట్టడంలోనే ఎక్కువ అని నాకనిపిస్తుంది.

మన దేశంలో ఇలాంటి ఎక్స్‌రే లేజర్ లేదు. ఇండోర్‌లో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది, అక్కడ ప్రోటీన్ స్ఫటికాల కోసం ఒక బీమ్‌లైన్ నడుస్తోంది. దాని వెలుగు ఇంత తీక్షణమైనది కాదు, అయినా పదో తరగతి దాటిన పిల్లలతో ఇండోర్ వైపు వెళ్తే దాని గురించి వాళ్లకి చెప్పదగ్గ విషయమే.

ఇదంతా ఆ బాబుకి ఇంత వివరంగా కాదు గానీ ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పాను. గాజు గొట్టం మందం, లోపల ఐదు మైక్రాన్ల స్ఫటికాలు అన్నప్పుడు ఆపి అడిగాడు: “మరి గొట్టం జామ్ అయితే సార్?” స్లాక్‌లో ఒక బృందానికి ఇచ్చే సమయం 12 గంటల షిఫ్టుల లెక్కన ఉంటుంది, గొట్టం పూడుకుంటే ఆ గడియారం ఆగదు, అందరూ పరుగులు పెట్టి మార్చుకోవాల్సిందే అన్నాను. పూడుకోకుండా ఏం చేయాలో మీ నాన్నని అడిగి రమ్మన్నాను.

మర్నాడు ప్రేయర్ కాకముందే వచ్చి చెప్పాడు. “లైన్‌లో ముందే ఫిల్టర్ పెట్టాలంట సార్. మా నాన్న వాళ్లు అట్లనే చేస్తరంట.”

నీటి జెట్ల ముందు నిజంగానే అలాగే పెడతారు.